శాంతికి రాజనీతియు, ధర్మచింతయు

హైదరాబాదు నగరమునకు పశ్చిమముగా మాదాపూరు, గచ్చిబౌలి, రాయదుర్గము, నానక్‌రామ్‌గూడ అను పల్లెలుండెడివి. రాళ్ళగుట్టలు, చెరువులు, వాని క్రింద కొలదిపాటి పొలములు. అంతకుమించి అచట చెప్పుకొనదగిన విశేషము లేకుండెను. 1998వ సంవత్సరము నవంబరు నెలలో మాదాపూరున సైబర్ టవర్స్ భవనము ప్రారంభమైనది మొదలు ఆ పల్లెలు హైటెక్ సిటీ యనియు, సైబరాబాదనియు లోకమున పేరుగాంచినవి. 2023 ఆగస్టులో ఆ చేరువనే యున్న కోకాపేటలో ఎకరము భూమి వేలమున నూరుకోట్ల రూపాయలకు మించి ధర పలికినది.

ఆ అద్దాల మేడలకు దక్షిణముగా సుమారు 15 కిలోమీటర్లు పోయినచో శివరాంపల్లి వచ్చును. నేడు ఆ పేరు వినగానే మనకు జ్ఞప్తికి వచ్చునది సర్దార్ వల్లభభాయి పటేల్ జాతీయ పోలీసు అకాడమీ. 1975 నుండి దేశమునందలి ఐ.పి.ఎస్. అధికారులు అచటనే శిక్షణ పొందుచున్నారు. అంతకు 24 సంవత్సరములు ముందు, 1951 ఏప్రిల్ నెలలో, ఆ శివరాంపల్లిలోనే సర్వోదయ సమ్మేళనము జరిగినది. ఆచార్య వినోబా భావేగారు వార్ధా ప్రాంతమునుండి సుమారు 300 మైళ్ళు కాలినడకన వచ్చి ఆ సమ్మేళనమున పాల్గొనిరి. ఒకే ఊరిలో ఒకనాడు సర్వోదయ సమ్మేళనము, వేరొకనాడు పోలీసు విద్యాలయము. కాకతాళీయమే కావచ్చును. కాని ఆ మార్గమున పోవునపుడెల్ల మాకు ఒక ప్రశ్న తోచుచుండును: శాంతి దేనివలన కలుగును? శాసనమువలననా, హృదయ పరివర్తనమువలననా? నేటి మా ప్రసంగమునకు ఇదియే విషయము.

ఈ విషయమున లోకములో రెండు వాదములు చిరకాలమునుండి వినబడుచున్నవి. మొదటిది రాజనీతిజ్ఞుల వాదము. శాసనము, న్యాయస్థానము, ఎన్నికలు, అవసరమైనచో దండము - ఇవి సక్రమముగా నున్నచో శాంతి దానంతటదియే నెలకొనునని వారందురు. రెండవది ధర్మచింతకుల వాదము. మనుష్యుని మనసు మారనిదే శాసనములు కాగితముల మీదనే నిలిచిపోవుననియు, మనసు మారినపిదప శాసనములతో పనియే యుండదనియు వారందురు. ఈ రెండును సగము సత్యములని మా అభిప్రాయము.

మన ఇండ్లలో జరుగు అన్నదమ్ముల పంపకమును ఒకసారి తలచుకొందము. పెద్దమనుషులు కూర్చుండి నచ్చజెప్పగా అన్న కరగిపోయి, చెరువు క్రింది చెక్కను తమ్ముడే తీసికొనుగాక యనును. అందరి కన్నులును చెమర్చును. కాని కాగితము వ్రాయరు, హద్దురాళ్ళు పాతరు. ఇరువది యేండ్ల తరువాత ఆ మాట విన్న పెద్దలు గతించుదురు. పిల్లలు కోర్టు మెట్లెక్కుదురు. మరియొక ఇంట దస్తావేజు చక్కగా వ్రాయబడును, రిజిస్ట్రీయు జరుగును. కాని ఆనాటినుండి ఒకరి గడప ఒకరు త్రొక్కరు. మొదటి ఇంట మనసున్నది, వ్రాత లేదు. రెండవ ఇంట వ్రాత యున్నది, మనసు లేదు. రెండిండ్లలోను శాంతి లేదు. దేశముల కథయు ఇట్టిదే. అందుకు మన తెలంగాణమే నిదర్శనము.

నైజాము పాలనలో తెలంగాణపు పల్లెలు జాగీర్దారుల, దేశముఖుల వశమున నుండెను. రైతు దున్నిన భూమి రైతుది కాదు. వెట్టిచాకిరి చేయని కులము లేదు. ఆంధ్ర మహాసభ నాయకత్వమున పల్లెలు మేల్కొనినవి. 1946 జులై 4వ తేదీన కడవెండి గ్రామములో దొడ్డి కొమరయ్య తుపాకి గుండునకు నేలకొరిగెను. అంతట నల్లగొండ, వరంగల్లు ప్రాంతములలో కమ్యూనిస్టుల నాయకత్వమున రైతుల పోరాటము సాయుధ పోరాటమైనది. ఒకవైపు రజాకార్ల దౌర్జన్యములు, మరియొకవైపు దళముల ప్రతిఘటన. 1948 సెప్టెంబరులో పోలీసు చర్య జరిగి నైజాము పాలన అంతరించెను. అయినను తుపాకుల మ్రోత ఆగలేదు. పంచుకొన్న భూములు మరల దొరల పరమగునేమోయని పేదలకు భయము. రాత్రివేళ దళములు వచ్చునేమోయని భూస్వాములకు భయము. పగటివేళ సైనికులు వత్తురేమోయని అందరికిని భయము. మూడు భయముల మధ్య పల్లె నలిగిపోయినది.

ప్రభుత్వము దండమును మాత్రమే నమ్ముకొనినదనుట న్యాయము కాదు. 1949లో జాగీర్లు రద్దయినవి. 1950లో హైదరాబాదు కౌలుదారీ చట్టము వచ్చి, దీర్ఘకాలముగా సాగుచేయుచున్న వారిని రక్షిత కౌలుదారులుగా గుర్తించినది. ఇవి స్వల్పమైన పనులు కావు. కాని శాసనము నగరమున పుట్టి పల్లెకు చేరులోపల ఎందరి చేతులలోనో ఆగవలసియుండును. ఆకలిగొన్నవాని కంటికి అది కనబడుట కష్టము.

ఇట్టి సమయమున వినోబాగారు శివరాంపల్లి సమ్మేళనము ముగించుకొని, కల్లోలిత ప్రాంతముల గుండ నడచిపోవ నిశ్చయించిరి. హైదరాబాదు చెరసాలలోనున్న కమ్యూనిస్టులను గూడ కలిసి మాటాడిరి. శత్రువని లోకము చెప్పువాని మాట ముందు వినుట శాంతికాముకుని మొదటి ధర్మము. పిదప ఏప్రిల్ 18వ తేదీన పోచంపల్లి చేరిరి. నేడు పట్టుచీరెలకు ప్రసిద్ధి కెక్కిన ఆ ఊరిలో నాడు భూమిలేనివారే అధికము.

ఆనాటి వాడుకలో హరిజనవాడ యనబడు చోటికి వినోబాగారు పోయి, మీకు ఏమి కావలెనని అడిగిరి. అచటి 40 కుటుంబములవారు తమకు 80 ఎకరముల భూమి చాలునని చెప్పిరి. సగము తరి, సగము ఖుష్కి. శ్రోతలు ఒక్క విషయమును గమనింపగోరుచున్నాము. వినోబాగారికి మొదట తోచినది దానము కాదు, దరఖాస్తు. మీ కోరికను కాగితముపై వ్రాసి ఇండు, ప్రభుత్వమునకు అందజేసెదనని ఆయన చెప్పిరి. అనగా ధర్మచింతకుడు ముందుగా రాజనీతి ద్వారమునే తట్టెను. ఆ పిమ్మటనే, ప్రభుత్వమునుండి రావడము ఆలస్యమగునేమో, ఈ ఊరివారిలో ఎవరైన ఇయ్యగలరా యని అక్కడ చేరినవారిని అడిగిరి. వెదిరె రామచంద్రారెడ్డిగారు లేచి 100 ఎకరములు ఇచ్చెదనని ప్రకటించిరి. అడిగినదానికంటె ఇరువది ఎకరములు అధికము.

భూదానము ఆ విధముగా పుట్టినది. ఆ యాత్రలో వినోబాగారు 51 దినములు తెలంగాణమున నడచి 12,000 ఎకరములకు పైగా భూమిని సంపాదించిరి. పిదప ఆ ఉద్యమము దేశమంతట వ్యాపించినది. పోచంపల్లి నేటికిని భూదాన పోచంపల్లి యనియే పిలువబడుచున్నది.

ఇంతవరకు కథ మధురముగా నున్నది. పెక్కు ప్రసంగములు ఇచటనే ఆగిపోవును. మేము ఇంకను కొంత దూరము పోవలసియున్నది.

తెలంగాణమున తుపాకులు నిలిచినది భూదానము ఒక్కదానివలననేయని చెప్పరాదు. 1951 అక్టోబరు 21వ తేదీన కమ్యూనిస్టు పార్టీ సాయుధ పోరాటమును విరమించెను. అందుకు సైనిక బలము ఒక కారణము, పార్టీలో జరిగిన ఆలోచన మరియొక కారణము. ముంగిట నిలిచియున్న సార్వత్రిక ఎన్నికలు వేరొక కారణము. ఆ సాయుధ పోరాటపు నాయకులలో ఒకరైన రావి నారాయణరెడ్డిగారు 1952 ఎన్నికలలో నల్లగొండనుండి లోక్‌సభకు పోటీచేసి, ప్రధానమంత్రి నెహ్రూగారికంటెను అధికముగా ఓట్లు పొందిరి. తుపాకితో చెప్పదలచిన మాటను ఓటుతో చెప్పుటకు దారి దొరకినది. శాంతికి ఇంతకంటె గొప్ప రాజకీయ సాధనము మరియొకటి కలదా? శాసనము దారి చూపినది, ఎన్నిక ద్వారము తెరచినది, దానము మనసును మెత్తబరచినది. మూడును కలిసినందుననే పల్లె ఊపిరి పీల్చుకొనగలిగినది.

దానముగా వచ్చిన భూమికి తరువాత ఏమి జరిగినది? సభలో లేచి ఇచ్చెదననుట ఒక నిమిషపు పని. ఆ భూమిని సర్వేచేసి, హద్దులు నిర్ణయించి, దాత పేరు తొలగించి, గ్రహీత పేరు దస్త్రములలో కెక్కించి, నీటి వసతి కల్పించుట సంవత్సరముల పని. ఇచ్చిన భూములలో కొన్ని రాళ్ళగుట్టలు. కొన్ని తగాదాలలో నున్నవి. కొన్నింటిని దాతల వారసులు మరల తమవే యనిరి. దేశమంతట దానముగా ప్రకటింపబడిన భూమిలో చాలా భాగము పేదలకు చేరకయే నిలిచిపోయినది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము 1965లో భూదాన, గ్రామదాన చట్టము చేసినది. భూదానముగా పొందిన భూమిని వారసత్వముగా అనుభవింపవచ్చును గాని అమ్మరాదని నియమము. నియమమున్నను, నగరము పెరిగి భూమి ధర ఆకాశమునంటిన తరువాత, హైదరాబాదు చుట్టుపట్ల భూదాన భూములు చేతులు మారినవను వివాదములు న్యాయస్థానముల కెక్కినవి. నాడు భూమిలేనివానికి ఇచ్చిన మాట నేడు ఎకరము కోట్లకు పోవు కాలమున పరీక్షకు నిలిచియున్నది.

ఇది వినోబాగారి లోపమనుట మా ఉద్దేశము కాదు. హృదయము ఇచ్చినదానిని చేయి అందుకొనకపోవుట రాజనీతి లోపము. మన పంపకపు కథలోని మొదటి ఇల్లు ఇదియే.

ఇక ఆఫ్రికా ఖండమును గూర్చి కొన్ని మాటలు చెప్పెదము. ఆఫ్రికా మనకు దూరపు మాట కాదు. నైజాము కొలువునకు వచ్చిన ఆఫ్రికా ఆశ్వికదళము పేరనే మన నగరములో ఏ.సి. గార్డ్స్ అను పేట కలదు. అంతకంటెను గాఢమైన బంధము మరియొకటి కలదు. 1860లో మద్రాసునుండి ట్రూరో అను ఓడ డర్బను చేరినది మొదలు, మన తెలుగు జిల్లాలనుండి వేలమంది కూలీలు నేటాలు చెరకుతోటలకు పోయిరి. వారి సంతతివారు 1931లో అచట ఆంధ్ర మహాసభను స్థాపించుకొనిరి. ఆ భూమిమీదనే గాంధీజీ 1906లో సత్యాగ్రహమునకు నాంది పలికిరి. ఒప్పందము ముగిసిన కూలీలపై విధించిన మూడు పౌనుల పన్నును ఎదిరించి 1913లో గనికార్మికులు, స్త్రీలు, పిల్లలు ఆయనవెంట సరిహద్దుదాక నడచిరి. ఆ నడక ఎక్కడ ముగిసినది? ప్రార్థనలో కాదు, 1914లో ఆ పన్నును రద్దుచేసిన శాసనములో. ఆత్మబలము శాసనముగా మారినప్పుడే కూలివాని వీపుమీది బరువు దిగినది. వినోబాగారు ఆ గాంధీజీ శిష్యులు. కావున పోచంపల్లిలో మొలచిన మొక్కకు విత్తనము ఆఫ్రికానుండి వచ్చినదనుట అతిశయోక్తి కాదు.

తరువాతి కాలమున ఆఫ్రికా దేశములే ఈ రెండు మార్గములను కలుపుటకు ప్రయత్నించినవి. మొజాంబిక్ దేశము 1975లో స్వతంత్రమై, రెండేండ్లకే అంతర్యుద్ధమున పడినది. పదునైదు సంవత్సరముల పోరులో లక్షలమంది మరణించిరి. ప్రభుత్వపక్షము, రెనామో పక్షము ఒకరిముఖము ఒకరు చూడని స్థితిలో, రోమునగరమునందలి సాంత్ ఎజీదియో అను క్రైస్తవ భక్తసమాజమువారు తమ పాత మఠములో ఇరువురికిని చోటు చూపిరి. బెయ్‌రా నగర ఆర్చిబిషప్పు జైమే గొన్సాల్వెస్‌గారు మధ్యవర్తులలో ఒకరు. ఇటలీ ప్రభుత్వ ప్రతినిధియు వారితో కూర్చుండెను. రెండు సంవత్సరములకు పైగా మాటలు సాగి, 1992 అక్టోబరు 4వ తేదీన ఒప్పందముపై సంతకములు జరిగినవి. భక్తులు నమ్మకమును తెచ్చిరి. ఐక్యరాజ్యసమితి సేనలను, పరిశీలకులను పంపినది. 1994లో ఎన్నికలు జరిగినవి.

అచటి క్రైస్తవ సంఘముల మండలి 1995లో మరియొక పని ప్రారంభించినది. దాచియుంచిన తుపాకిని తెచ్చి ఇచ్చినవారికి గునపమో, సైకిలో, కుట్టుయంత్రమో ఇచ్చెడివారు. ఆ తుపాకులను ముక్కలుచేయగా, కళాకారులు వానితో బొమ్మలు, కుర్చీలు చేసిరి. తుపాకి వదలుమని బోధించుట సులభము. తుపాకి వదలినవాని చేతికి కుట్టుయంత్రము నిచ్చుట ఆ బోధకు ప్రాణము. అయినను రాజకీయపు పని కొంత మిగిలిపోయినందున 2013లో అచట మరల కాల్పులు జరిగినవి. 2019లో ఇంకొక ఒప్పందము చేసికొనవలసి వచ్చినది.

దక్షిణాఫ్రికా మాట గూడ ఇట్టిదే. వర్ణవివక్ష పాలన ముగిసిన పిదప 1995లో ఒక శాసనముచేత సత్య, సమాధాన సంఘము ఏర్పడెను. ఆర్చిబిషప్పు డెస్మండ్ టూటూగారు దానికి అధ్యక్షులైరి. 1996 ఏప్రిల్‌లో విచారణలు మొదలైనవి. రాజకీయ కారణముచేత చేసిన నేరమును దాచక చెప్పినవారికి క్షమ లభింపవచ్చునని శాసనము. శాసనము చేసినది రాజనీతి. ఏడ్చుచున్న తల్లుల యెదుట ఆ సభను ప్రార్థనతో నడపినది ధర్మము. ఏడువేలమందికి మించి క్షమ కోరగా, లభించినది కొద్దిమందికే. అనగా ఆ క్షమ చవుక సరకు కాలేదు. కాని బాధితులకు ఇయ్యవలసిన పరిహారము ఆలస్యమై, 2003లో మనిషికి 30,000 రాండ్లు మాత్రమే నిర్ణయింపబడినవి. అది సంఘము సిఫారసు చేసినదానికంటె చాల తక్కువ. కన్నీరు తుడిచినవారు కలరు. కాని కూడు, గుడ్డ చూపుట వెనుకబడినది. పోచంపల్లి దానమునకును, ఈ క్షమకును కొరత ఒక్కటే.

మతము, ఆధ్యాత్మికత అను మాటలు వినినంతనే అంతయు శుభమని తలపరాదు. 1994లో రువాండాలో ప్రాణభయముతో చర్చిలలో తలదాచుకొన్నవారు ఆ చర్చిలలోనే వధింపబడిరి. మతాచార్యులలో కొందరు ఆ నేరమున పాలుపంచుకొన్నట్లు న్యాయస్థానములు తీర్పుచెప్పినవి. మన దేశములోను మతము పేర చిందిన రక్తము తక్కువ కాదు. కావున మేము చెప్పు ధర్మచింత ఒక మతపు అధికారము కాదు. ఎదుటివాని దుఃఖము తన దుఃఖముగా తోచుట, తనది తాను కొంత వదలుకొనుట, శత్రువు మాటను గూడ వినుట - ఇంతియే. ఇది గుడికి పోవువానికిని, పోనివానికిని సమానము.

ఇట్లే రాజనీతి యన్నను పదవుల పందెము కాదు. ఇచ్చిన మాటను నిలుపు యంత్రాంగమే రాజనీతి. తహసీలు కచేరీలో సర్వేచేయువాడు, న్యాయస్థానమున తీర్పు చెప్పువాడు, పల్లెలో హద్దురాయి పాతువాడు - వీరందరును శాంతి సైనికులే. వారి చేయి ఆలస్యమైనచో మహాత్ముల మాటయు వట్టిపోవును.

శివరాంపల్లి మార్గమున మాకు తోచిన ప్రశ్నకు ఇప్పుడు సమాధానము చెప్పగలము. పోలీసు అకాడమీయు కావలెను. సర్వోదయ సమ్మేళనమును కావలెను. అచట శిక్షణ పొందు యువ అధికారి తన చేతిలోని దండమును ఎత్తుటకు ముందు, ఎదుటివాని ఆకలికి కారణమేమని ఒకసారి అడిగినచో, ఆ నేలపై నడచిన వినోబాగారి అడుగు వృథాపోలేదనవచ్చును. సైబరాబాదున భూమిని కోట్లకు కొను సంస్థవారు సంతకము చేయుటకు ముందు, ఈ భూమి ఒకప్పుడు ఎవరికైన మాటయిచ్చిన భూమియా యని దస్త్రములు తిరుగవేయించినచో, రామచంద్రారెడ్డిగారు నాడు లేచి నిలుచుట సార్థకమగును.

శ్రోతలందరును దేశనాయకులు కాకపోవచ్చును. కాని ప్రతి ఇంటను ఏదో యొక పంపకము, ఏదో యొక పాత పంతము ఉండనే యుండును. తమ్మునికి మాట యిచ్చియున్నవారు ఆ మాటను కాగితముమీద పెట్టుదురుగాక. కాగితము వ్రాసికొని మాటలు మానుకొన్నవారు, వచ్చు పండుగనాడు అన్నను భోజనమునకు పిలుతురుగాక. పోచంపల్లిలో జరిగినదియు, జరుగక మిగిలినదియు మనకు నేర్పు పాఠము ఇంతే.